ఎలుక రొమ్ము కణితి స్లైడ్లను ఎవరికి అప్పగించాలి?

"అక్కా, కణితులు కోసి ఫార్మలిన్‌లో వేశాను. ఇప్పుడు ఏ ల్యాబుకి ఇస్తే మంచిది?"

నాకు ఫోను చేసే తెలుగు పరిశోధక విద్యార్థుల్లో ఎక్కువ మంది ఈ మాటతోనే మొదలుపెడతారు. కొందరు అమెరికాలోని ఏదో విశ్వవిద్యాలయం నుంచి, కొందరు హైదరాబాదు నుంచి. అడిగే ప్రశ్న సరైనదే, వేళ మాత్రం దాటిపోయి ఉంటుంది. ఎలుక బతికి ఉండగా రావలసిన ఫోను అది.

నేను తిరుపతిలో పశువైద్యం చదివాను. ఆ తరువాత పాథాలజీలో శిక్షణ పొంది, ఇప్పుడు అమెరికాలో ఒక విశ్వవిద్యాలయపు ఉమ్మడి పాథాలజీ ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. రోజంతా నా కళ్ల ముందు ఉండేవి చిట్టెలుకల కణజాలాలే. వాటిలో పాల గ్రంథులు, ఆ గ్రంథుల్లో పుట్టిన కణితులే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ మీద ఎలుకలతో పనిచేసే విద్యార్థి ముందు సాధారణంగా ఐదు దారులు ఉంటాయి: సొంత ల్యాబులోనే చేసుకోవడం, విశ్వవిద్యాలయంలో కణజాలం కోసి రంగు వేసిపెట్టే హిస్టాలజీ కోర్‌కు ఇవ్వడం, పక్కనున్న ఆసుపత్రి పాథాలజీ విభాగాన్ని అడగడం, ఎలుకల పాథాలజిస్టు ఉన్న ఉమ్మడి ప్రయోగశాలకు వెళ్లడం, డబ్బు కట్టి కాంట్రాక్టు సంస్థతో చేయించుకోవడం. ఏది ఎప్పుడు సరిపోతుందో నా అనుభవంలోంచి చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కణజాలాన్ని కోసే చేయి ఎవరిదైనా ఫరవాలేదు, శుభ్రంగా కోస్తే చాలు. స్లైడును చదివే కన్ను మాత్రం ఎలుక పాల గ్రంథిని ఎరిగిన కన్ను కావాలి. చాలామంది దీన్ని తలకిందులు చేసుకుంటారు. ఏ ల్యాబులో ఎంత ఖరీదైన యంత్రం ఉందో విచారిస్తారు, స్లైడును ఎవరు చూస్తారో అడగరు.

ఎలుక చిన్న సైజు మనిషి కాదు

ఆ కన్ను ఎందుకు కావాలో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎంపిక అంతా దీని మీదే నిలబడి ఉంది.

ఆడ ఎలుకకు ఐదు జతల పాల గ్రంథులు ఉంటాయి. మెడ దగ్గర మొదలై గజ్జల దాకా, పక్కలకు కూడా పాకి ఉంటాయి. మెడ దగ్గరి గ్రంథి లాలాజల గ్రంథులను ఆనుకునే ఉంటుంది. అక్కడ గడ్డ కనిపిస్తే అది పాల గ్రంథిదా, లాలాజల గ్రంథిదా అన్నది పైకి చూసి చెప్పలేం. గజ్జల దగ్గరి నాలుగో గ్రంథిలో ఒక లింఫ్ గ్రంథి ఉంటుంది, అందరూ దాన్ని కొండగుర్తుగా వాడతారు. కొత్తవాళ్లు ఆ లింఫ్ గ్రంథినే కణితి అనుకుని కోసి పంపిన సందర్భాలు నేను చాలా చూశాను. తప్పు వాళ్లది కాదు. ముందుగా ఎవరూ చెప్పలేదు, అంతే.

ఎలుక పాల గ్రంథి ఎక్కువగా కొవ్వులో అల్లుకున్న నాళాల తీగ. స్త్రీల రొమ్ములో నాళాల చుట్టూ పీచు కణజాలం దట్టంగా ఉంటుంది. అందుకే మనుషుల స్లైడ్లకు అలవాటుపడిన కంటికి ఎలుక స్లైడు మొదట వింతగా తోస్తుంది. పైగా జన్యువులు మార్చిన ఎలుకల్లో పుట్టే కణితుల్లో ఎక్కువ భాగం ఈస్ట్రోజెన్ గ్రాహకం లేనివి. పాశ్చాత్య దేశాల స్త్రీల రొమ్ము క్యాన్సర్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆ గ్రాహకం ఉన్నవి. ఈ ఒక్క తేడా మరిచినా వ్యాసంలో రాసే ముగింపు మారిపోతుంది.

ఈ రంగానికి సొంత భాష ఏర్పడటానికి చాలా కాలం పట్టింది. 1936లో అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో జాన్ బిట్నర్, తల్లి ఎలుక పాల ద్వారా పిల్లలకు క్యాన్సర్ కారకం సంక్రమిస్తుందని చూపాడు. ఆ కారకమే తరువాత ఎంఎంటీవీ అనే వైరస్‌గా తేలింది. 1984లో హార్వర్డ్‌లో ఫిలిప్ లెడర్ బృందం ఆ వైరస్ జన్యు మీటను, అంటే జన్యువును పనిచేయించే భాగాన్ని, మిక్ అనే క్యాన్సర్ జన్యువుకు తగిలించి, పాల గ్రంథిలో కణితులు పుట్టే ఎలుకలను తయారు చేసింది. 1992లో, అదే మీటకు పాలియోమా వైరస్ జన్యువును తగిలించిన పీవైఎంటీ ఎలుక వచ్చింది. నేటికీ ప్రపంచమంతటా ఎక్కువగా వాడే నమూనాల్లో అది ఒకటి. ఒక్కొక్క జన్యువు పుట్టించే కణితికి ఒక్కొక్క ముఖకవళిక ఉంటుందని, మిక్, రాస్, న్యూ అనే జన్యువుల కణితులను స్లైడు మీదే వేరు చేసి గుర్తుపట్టవచ్చని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని రాబర్ట్ కార్డిఫ్, ఆయన సహచరులు చూపించారు. మేరీల్యాండ్ రాష్ట్రంలోని అన్నాపొలిస్‌లో వైద్య పాథాలజిస్టులు, పశు పాథాలజిస్టులు ఒక చోట కూర్చుని ఈ ఎలుకల కణితులకు ఉమ్మడి పేర్లు ఖాయం చేశారు. ఆ నివేదిక 2000లో వెలువడింది. మీరు ఎంచుకునే పాథాలజిస్టుకు ఆ నివేదిక తెలుసా లేదా అని అడగండి. ఆ ఒక్క జవాబుతో సగం సంగతి తెలిసిపోతుంది.

రెండు ఉదాహరణలు చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

మొదటిది ఎఫ్‌వీబీ జాతి ఎలుకలది. పరిశోధకులకు ఇవి చాలా ఇష్టం, జన్యువు ఎక్కించడం సులువు కాబట్టి. కానీ ఈ జాతి ఆడ ఎలుకలు వయసు మీరాక, ఒక్కసారి కూడా గర్భం దాల్చకపోయినా, పాల గ్రంథులు పాలిచ్చే తల్లివాటిలా నిండి కనిపించవచ్చు. పీయూష గ్రంథిలో ప్రొలాక్టిన్ స్రవించే కణాలు పెరగడం దీనికి కారణం. సంగతి తెలియనివారు అది తాము ఎక్కించిన జన్యువు ప్రభావమే అనుకుంటారు. సంతోషంతో వ్యాసం రాయడం మొదలుపెడతారు. అదే వయసు మామూలు ఎఫ్‌వీబీ ఎలుకను పక్కన పెట్టి చూస్తే అందులోనూ అదే మార్పు.

రెండోది 4టీ1 అనే ఎలుక రొమ్ము క్యాన్సర్ కణాలది. బాల్బ్‌సీ జాతి ఎలుక పాల గ్రంథిలో ఈ కణాలు వేస్తే కణితి పెరిగి ఊపిరితిత్తులకు, కాలేయానికి, ఎముకలకు పాకుతుంది. దాంతోపాటు ఇంకొకటి జరుగుతుంది. కణితి విడుదల చేసే పదార్థాల వల్ల ఎలుక రక్తంలో తెల్ల కణాలు విపరీతంగా పెరుగుతాయి, ప్లీహం ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, కాలేయంలో కూడా ముదరని రక్త కణాల గుంపులు చేరతాయి. వాటిని క్యాన్సర్ గుంపులుగా లెక్కపెట్టిన పట్టికలు నా బల్ల మీదకు వచ్చాయి. ఇలాంటి పట్టిక మీద ఆధారపడి "ఈ మందు కాలేయానికి పాకడాన్ని తగ్గించింది" అని రాస్తే, నిజానికి తగ్గింది వాపు మాత్రమే కావచ్చు.

సొంత ల్యాబులోనే చేసుకుంటే

కొన్ని పనులు మీ ల్యాబులోనే చేసుకోవాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు. గ్రంథి మొత్తాన్ని గాజు పలక మీద పరిచి కార్మైన్ రంగు వేసి చూడటం వాటిలో మొదటిది. నాళాలు ఎంత దూరం పెరిగాయి, ఎన్ని కొమ్మలు వేశాయి, చివరన మొగ్గలు ఉన్నాయా అన్నది ఇందులో కనిపించినంత స్పష్టంగా పలుచని కోతల్లో కనిపించదు. నాలుగో గ్రంథిని ఒక పక్కది ఇలా పరచడానికి, రెండో పక్కది ఫార్మలిన్‌కు ఉంచండి. ఒకే ఎలుక నుంచి రెండు కోణాలు దక్కుతాయి. చేతికి పని పట్టుబడటానికి ఒకటి రెండు వారాలు చాలు.

మైక్రోటోమ్ మీద నాలుగైదు మైక్రాన్ల మందం కోతలు తీయడం వేరే సంగతి. అది నెలల తరబడి నేర్చుకోవలసిన చేతిపని. విద్యార్థి సమయం ఉచితం అనుకుని ఆ పని అప్పజెప్పే మార్గదర్శకులను చూస్తే బాధ కలుగుతుంది. మూడు నెలల్లో ముడతలు పడిన, గీతలు పడిన స్లైడ్లు రెండు వందలు తయారవుతాయి. అదే పని కోర్‌లో రెండు వారాలు.

ఇక చదవడం. 2008లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో కొందరు పాథాలజిస్టులు ఒక లేఖ రాశారు. పాథాలజీ శిక్షణ లేని పరిశోధకులు తమ స్లైడ్లను తామే చదివేసి ప్రచురించడం వల్ల తప్పులు జరుగుతున్నాయని అందులో హెచ్చరించారు. కార్డిఫ్ కూడా సంతకం చేసినవారిలో ఒకరు. ఆ హెచ్చరిక ఇప్పటికీ పాతబడలేదు. అయితే విద్యార్థి స్లైడు ముట్టుకోకూడదని నేను అనను. పాథాలజిస్టు ముందుగా అన్ని స్లైడ్లూ చూసి, ఏది కణితి, ఏది చచ్చిన భాగం, ఏది లెక్కలోకి రాదు అని గీత గీసి ఇచ్చాక, కేఐ-67 రంగు పట్టిన, అంటే విభజన జరుగుతున్న, కణాలను విద్యార్థే లెక్కపెట్టవచ్చు. గుర్తులు తొలగించి, ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకుండా లెక్కపెట్టాలి. క్యూపాత్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇందుకు బాగా పనికొస్తుంది. గీత గీసే పని మాత్రం సాఫ్ట్‌వేర్‌కు వదలకండి.

హిస్టాలజీ కోర్

చాలా విశ్వవిద్యాలయాల్లో ఇది ఉంటుంది. అమెరికాలో జాతీయ క్యాన్సర్ సంస్థ గుర్తించిన క్యాన్సర్ కేంద్రాలకు పీ30 అనే గ్రాంటు ఉంటుంది. కోర్ ల్యాబుల ఖర్చులో కొంత దాని నుంచి వస్తుంది. అందువల్ల కేంద్రంలో సభ్యులైన ల్యాబులకు ఒక ధర, బయటివారికి అంతకన్నా ఎక్కువ ధర. మీ మార్గదర్శకులు సభ్యులో కాదో ముందు కనుక్కోండి. సభ్యత్వం లేక అనవసరంగా ఎక్కువ కట్టిన ల్యాబులు ఉన్నాయి.

కోర్‌లో ఉండే సాంకేతిక నిపుణులు తమ పనిలో గొప్పవారు. కణజాలాన్ని మైనంలో బ్లాకుగా పోయడం, కోయడం, కణజాలం రూపం చూపే హెచ్ఈ అనే మామూలు రంగు, ఒక్కో ప్రొటీన్‌ను గుర్తుపట్టి చూపే యాంటీబాడీ రంగులు, స్లైడు స్కాన్ చేయడం అన్నీ చేస్తారు. చదవరు. ఇక్కడే అపార్థం వస్తుంది. "కోర్‌కు ఇచ్చాం, పాథాలజీ అయిపోయింది" అని మార్గదర్శకులు అనుకుంటారు. విద్యార్థి చేతికి మాత్రం రంగు వేసిన గాజు పలకల పెట్టె వస్తుంది, దానిలో ఏముందో చెప్పే మనిషి రాడు.

కోర్‌ను ఎంచుకునేటప్పుడు అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉంది: "ఈ యాంటీబాడీని ఎలుక కణజాలం మీద మీరు పరీక్షించారా? పని చేస్తుందని తెలిసిన కణజాలం, పని చేయకూడని కణజాలం పక్కపక్కన పెట్టిన స్లైడు చూపిస్తారా?" చూపించగలిగితే మంచి కోర్. కంపెనీ కాగితం మీద "ఎలుకలో పనిచేస్తుంది" అని రాసి ఉందని చెబితే సరిపోదు.

ఆసుపత్రి పాథాలజిస్టు

స్నేహం కొద్దీ చూసిపెట్టే వైద్య పాథాలజిస్టు దొరకడం అదృష్టమే. రొమ్ము క్యాన్సర్‌లో వారికి ఉన్న అనుభవం ముందు నాది చిన్నది. అయినా ఈ దారిలో మూడు గుంతలు ఉన్నాయి.

ఆసుపత్రిలో కేఐ-67కు వాడే ఎమ్ఐబీ-1 యాంటీబాడీ మనుషుల కణాలను గుర్తిస్తుంది, ఎలుక కణాలను గుర్తించదు. స్లైడు ఖాళీగా వస్తుంది. చూసినవారు "ఈ కణితిలో కణ విభజన లేదు" అనుకునే ప్రమాదం ఉంది. ఎస్పీ6 వంటి కుందేలు యాంటీబాడీ అడిగి వేయించుకోవాలి. రోగనిరోధక కణాల విషయంలోనూ అంతే. మనుషుల సీడీ8ను గుర్తించే సీ8/144బీ ఎలుకలో పనికిరాదు.

రెండో గుంత దీనికి తోబుట్టువు. ఆసుపత్రి యాంటీబాడీల్లో చాలా వాటిని ఎలుకల్లోనే తయారు చేస్తారు. ఎలుక యాంటీబాడీని ఎలుక కణజాలం మీద వేస్తే, తరువాత వేసే రెండో యాంటీబాడీ కణజాలంలో సహజంగా ఉన్న ఎలుక యాంటీబాడీలకు కూడా అంటుకుంటుంది. స్లైడంతా గోధుమ రంగు పులుముకుంటుంది. దీన్ని అడ్డుకునే విధానాలు ఉన్నాయి, కానీ ఆసుపత్రి యంత్రంలో అవి అమర్చి ఉండవు. పైగా రోగుల నమూనాలు నడిపే యంత్రాల మీద జంతు కణజాలాన్ని అనుమతించని ఆసుపత్రులు ఎన్నో. ఆ నియమం సబబే.

మూడోది కొలమానం. స్త్రీల కణితులకు వాడే నాటింగ్‌హామ్ గ్రేడును ఎలుక కణితికి వేస్తే అంకె వస్తుంది, అర్థం రాదు. ఆ గ్రేడు ఎంతమంది రోగులు ఎన్నేళ్లు బతికారన్న లెక్కలతో ముడిపడి నిలిచింది. ఎలుకకు ఆ చరిత్ర లేదు.

ఇంత చెప్పినా, ఒక పనికి మాత్రం నేను మొదట ఆసుపత్రి వైపే చూపిస్తాను. రోగి కణితి ముక్కను రోగనిరోధక శక్తి లేని ఎన్ఎస్‌జీ ఎలుకలో పెంచే నమూనాలు ఉన్నాయి కదా, వాటికి. అక్కడ కణితి మనిషిది. మనుషుల యాంటీబాడీలు పనిచేస్తాయి, రోగి అసలు స్లైడు కూడా ఆసుపత్రిలోనే ఉంటుంది. పాథాలజిస్టు రెంటినీ పక్కపక్కన పెట్టి, పెరిగింది అదే కణితా కాదా అని చెబుతారు. ఈ ప్రశ్న తేలికైనది కాదు. రోగి ముక్కతోపాటు వచ్చిన లింఫ్ కణాల్లో ఎప్‌స్టీన్ బార్ వైరస్ దాగి ఉంటే, రోగనిరోధక శక్తి లేని ఎలుకలో అవే పెరిగి లింఫోమాగా మారతాయి. పైకి చూస్తే చక్కని గడ్డ. దాన్ని రొమ్ము క్యాన్సర్ అనుకుని తరాలుగా ఎలుక నుంచి ఎలుకకు మార్చుకుంటూ పోతారు. మొదటి తరంలోనే ఒక్క హెచ్ఈ స్లైడు, మనుషుల తెల్ల రక్త కణాలను చూపే సీడీ45, రొమ్ము కణితి కణాలను చూపే కెరాటిన్ రంగులు వేయిస్తే తెలిసిపోతుంది.

ఎలుకల పాథాలజిస్టు ఉన్న ఉమ్మడి ప్రయోగశాల

నేను పనిచేసేది ఇలాంటి చోటే కాబట్టి నా మొగ్గు ఇటే ఉంటుందని మీరు అనుకోవచ్చు. అందుకే ఇబ్బందులు ముందు చెబుతాను. వరుస పొడవు. పాథాలజిస్టు సమయానికి గంటల లెక్కన డబ్బు కట్టాలి. ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు: జాతి ఏది, వయసెంత, పిల్లలు పెట్టిందా, ఎదకు వచ్చి ఉందా, ఏ గ్రంథి. ఎలుక ఎద చక్రం నాలుగైదు రోజులది. ఆ రోజులతోపాటు గ్రంథి రూపం మారుతుంది కాబట్టి అడుగుతాం. స్లైడ్లు చదివి అర్థం చెప్పి, చిత్రాలు ఎంచి, వ్యాసంలో ఒక భాగం రాసినప్పుడు రచయితల్లో పేరు కోరతాం. ఈ సంగతి మొదటి సమావేశంలోనే తేల్చుకోవడం ఇరు పక్షాలకూ మంచిది.

దీనికి బదులుగా మీకు దక్కేది ఏమిటంటే, ప్రయోగం మొదలవక ముందే కూర్చుని మాట్లాడే మనిషి. ఎన్ని ఎలుకలు, ఏ వయసులో, ఏ అవయవాలు, ఏ మార్పు చూడాలి అన్నది మీతో కలిసి నిర్ణయిస్తారు. కొత్తగా జన్యువు మార్చిన ఎలుక అయితే పాల గ్రంథితో ఆగకుండా శరీరమంతా చూస్తారు. ఎంఎంటీవీ మీట పాల గ్రంథిలోనే కాక లాలాజల గ్రంథి వంటి చోట్ల కూడా పనిచేస్తుంది కాబట్టి, కణితులు మీరు ఎదురుచూడని చోట రావచ్చు.

డేవిస్‌లో ఇలాంటి ప్రయోగశాల ఎదిగింది, ఎలుకల పాథాలజీ అంటే ఈ రంగంలో చాలామందికి ఆ పేరే మొదట గుర్తొస్తుంది. బార్ హార్బర్‌లోని జాక్సన్ ప్రయోగశాల 1929 నుంచి ఎలుకలతోనే బతుకుతోంది. భారతదేశంలో నవీ ముంబయిలోని ఏసీటీఆర్ఈసీ క్యాన్సర్ పరిశోధనకే అంకితమైన సంస్థ, జంతుశాల, హిస్టాలజీ రెండూ అక్కడ ఉన్నాయి. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థకు ప్రయోగశాల జంతువులతో దశాబ్దాల అనుభవం ఉంది. జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది. వీటితోపాటు రాజేంద్రనగర్, తిరుపతి పశువైద్య కళాశాలల పాథాలజీ విభాగాలను మరవకండి. అక్కడి ఆచార్యులు కుక్కల పాల గ్రంథి కణితులు ఎన్నో చూసినవారు. ఆ కంటిని ఎలుక వైపు తిప్పడం, ఏమీ తెలియని కంటికి మొదటి నుంచి నేర్పడం కన్నా ఎంతో తేలిక.

కాంట్రాక్టు సంస్థల గురించి క్లుప్తంగా చెబుతాను. మందు అనుమతికి పంపే విషప్రభావ పరీక్షలైతే ఇవే సరైన చోటు. జీఎల్‌పీ అనే ప్రయోగశాల నాణ్యతా నియమాలు పాటిస్తారు, గడువుకు ఇస్తారు, ప్రతి అవయవానికీ పట్టిక ఇస్తారు. మీ ప్రశ్న కణితి ఎలా పుట్టి ఎలా మారుతోందన్నదైతే, ఆ పట్టికలో జవాబు ఉండదు.

ఫార్మలిన్ డబ్బా దగ్గర

ఏ దారి ఎంచుకున్నా, అక్కడికి చేరే లోపే ప్రయోగం పాడైపోయే చోటు ఒకటుంది. నా శిక్షణ మొదటి ఏడాదిలో జరిగిన సంగతి చెబుతాను. ఒక ల్యాబు వారు మందు ఇచ్చిన ఎలుకల కణితులు పంపారు. మందు వల్ల కణితి మధ్యలో కణాలు చచ్చిపోతున్నాయా అన్నది ప్రశ్న. కణితులు రెండు సెంటీమీటర్లవి. వాటిని కోయకుండా మొత్తంగా చిన్న గొట్టాల్లో కుక్కి, పైన కొంచెం ఫార్మలిన్ పోశారు. ఫార్మలిన్ కణజాలంలోకి చాలా నెమ్మదిగా దిగుతుంది. అది మధ్యకు చేరేలోపు అక్కడి కణాలు వాటంతట అవే కుళ్లిపోయాయి. స్లైడు మీద మందు వల్ల చచ్చిన భాగానికీ, ఫార్మలిన్ అందక కుళ్లిన భాగానికీ తేడా చెప్పలేకపోయాం. కణితులు దించుకున్నది నేనే, ఆ రోజే సగానికి కోసి వేరే డబ్బాలో వేయవలసింది. నాకు ఆ తెలివి లేకపోయింది. నలభై ఎలుకలు. మూడు నెలల మందు. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు.

అప్పటి నుంచి అందరికీ ఒకే మాట చెబుతున్నాను. పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ తీసుకోండి. ముక్క మందం అయిదు మిల్లీమీటర్లు దాటకూడదు. ముక్కకు పది నుంచి ఇరవై రెట్లు ద్రవం ఉండాలి. ఇరవై నాలుగు నుంచి నలభై ఎనిమిది గంటల తరువాత డెబ్బై శాతం ఆల్కహాల్‌కు మార్చండి. నాలుగు రోజుల సెలవు ముందు రోజు ఎలుకలను చంపకండి. ఊపిరితిత్తులనైతే శ్వాసనాళం గుండా ఫార్మలిన్ ఎక్కించి ఉబ్బించి తీయండి, లేకపోతే చిన్న క్యాన్సర్ గుంపులు ముడుచుకున్న కణజాలంలో కనబడవు. ఎముకకు పాకిందేమో చూడాలంటే సున్నం తీయడానికి ఈడీటీఏ వాడమని అడగండి. గాఢమైన ఆమ్లాలు వేగంగా పనిచేస్తాయి గానీ యాంటీబాడీ రంగులను దెబ్బతీస్తాయి.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. కణితి అన్నం కాదు. ఒక అంచున గ్రంథిలా, ఇంకో అంచున కదురు ఆకారపు కణాలతో ఉండవచ్చు. ఊపిరితిత్తులకు ఒకే కోత తీసి "పాకలేదు" అని రాయడం అన్యాయం. కొంత లోతు విడిచి మళ్లీ మళ్లీ కోయించండి. కోర్ బిల్లు పెరుగుతుంది, అవును. ఆ డబ్బును ఆదా చేయాలనుకుంటే వేయించే యాంటీబాడీల సంఖ్య తగ్గించండి. మంచి హెచ్ఈ స్లైడు మూడు రంగుల మెరిసే చిత్రాల కన్నా ఎక్కువ చెబుతుంది.

ఏ ప్రశ్నకు ఏ దారి

మీరు కొత్త ఎలుకను తయారు చేసి, దానిలో ఏం జరుగుతోందో మొదటిసారి ప్రపంచానికి చెప్పబోతుంటే, నాలుగో దారి తప్ప వేరే మాట లేదు. వరుస పొడవైనా ఆగండి. తెలిసిన నమూనాలో మందు పరీక్షిస్తుంటే, కోర్‌లో కోయించి, స్కాన్ చేయించి, పాథాలజిస్టు దగ్గర రెండు మూడు గంటల సమయం కొనుక్కోండి. అది చాలు. ముందుగా నాలుగు ఎలుకలతో చిన్న ప్రయత్నం చేసి, రంగులు సరిగా వస్తున్నాయని చూసుకున్నాకే మిగతా బ్లాకులు ఇవ్వండి. రోగి కణితి నమూనా అయితే ఆసుపత్రి పాథాలజిస్టు, పశు పాథాలజిస్టు ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చుంటే ఎంతో బాగుంటుంది. కణితి కణాలు మనిషివి, రక్తనాళాలు, చుట్టూ ఉన్న కణజాలం ఎలుకవి. ఒక్కరి కంటికి రెండూ పూర్తిగా అందవు. కణితి ఎంత త్వరగా పెరిగిందన్నదే మీ ప్రశ్న అయితే కొలిచే క్యాలిపర్ సరిపోతుంది. అయినా ఒక్కో కణితికి ఒక్కో బ్లాకు చేయించి ఉంచండి. రెండేళ్ల తరువాత వ్యాసం చదివిన సమీక్షకులు అడుగుతారు.

హైదరాబాదులోనో విశాఖలోనో ఉండి, దగ్గరలో ఎలుకల పాథాలజిస్టు లేనివారికి ఒక తేలిక మార్గం ఉంది. స్థానికంగా కోయించి రంగు వేయించి, స్లైడును మొత్తంగా స్కాన్ చేయించండి. ఇరవై రెట్ల కటకంతో చేసిన స్కాన్ హెచ్ఈ చదవడానికి సాధారణంగా సరిపోతుంది. స్కాన్‌ను ఎక్కడి నుంచైనా చదవవచ్చు. కణజాలాన్ని దేశం దాటించాలంటే అనుమతులు, కస్టమ్స్ కాగితాలు కావాలి, బొమ్మకు అవి అక్కరలేదు. స్కానర్ ఎక్కడ ఉందో తెలియకపోతే ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతకండి, ఉమ్మడిగా వాడుకునే పరికరాల వివరాలు అందులో ఉంటాయి. బ్లాకులు పంపవలసి వస్తే మే నెలలో కారు వెనుక సీటు మీద వదలకండి. ఎండకు మైనం మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటుంది.

చివరగా, నమూనాతోపాటు నింపే ఫారం సంగతి. అందులో "గ్రంథి సంఖ్య" అనే గడి ఉంటుంది. చాలామంది ఖాళీగా వదిలేస్తారు, లేదా "కణితి" అని రాస్తారు. పీవైఎంటీ ఎలుకలో ఒకే రోజున ఒక గ్రంథిలో మొదటి మార్పు, ఇంకో గ్రంథిలో ముదిరిన క్యాన్సర్ ఉండవచ్చు. మందు ఇచ్చిన ఎలుక నుంచి రెండో గ్రంథి, ఇవ్వని ఎలుక నుంచి నాలుగో గ్రంథి పంపితే నేను దేన్ని దేనితో పోల్చాలి? ఎడమదా కుడిదా, ఎన్నో గ్రంథి అన్నది రాయండి. అదే వయసు, అదే జాతి మామూలు ఎలుక నుంచి అదే గ్రంథిని కూడా ఒక డబ్బాలో వేసి, దాని మీదా చెరగని పెన్సిల్‌తో పేరు రాసి పంపండి.